కుడివైపు గుండె

మా తమ్ముడు లాఫైలె భార్య సినలేయికి మొదట పుట్టిన పాప వారం తిరక్కుండానే ఊపిరాడక పోయింది. నిమ్ము అన్నారు. అందుకే రెండో బిడ్డ నెలలు నిండి పుట్టి గట్టిగా ఏడ్చినా, ఆమె చూపు వాడి రొమ్ము మీద నుంచి కదల్లేదు.

మర్నాటికల్లా వాడి ముక్కుపుటాలు ఎగరడం మొదలైంది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నాయి. ముక్కు కారుతోంది.

"పాపకీ ఇలాగే మొదలైంది వదినా," అని సినలేయి నా చెయ్యి పట్టుకుంది.

"వానలకి పట్టిన జలుబే. నీ భయమే బిడ్డకి అంటుకుంటోంది," అంది మా అమ్మ ఫాపూసా.

ఆస్పత్రిలో డాక్టరు వైతోవా స్టెతస్కోపు గొట్టాన్ని వాడి ఎడమ రొమ్ము మీద ఆనించింది. చాలాసేపు విని, కుడివైపుకి జరిపింది.

"గుండె కొట్టుకోవడం లేదా?" అంది సినలేయి.

"కొట్టుకుంటోందమ్మా. కాకపోతే కుడివైపు ఉంది."

ఎక్స్‌రేలోనూ అదే కనిపించింది. డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టింది. "కఫాన్ని పైకి తోసే సన్నటి నూగు మన ఊపిరితిత్తుల్లో ఉంటుంది. గుండె కుడివైపు ఉన్నవాళ్లలో కొందరికి అది పనిచెయ్యదు. వీడికీ కదలడం లేదని నా అనుమానం. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపం వస్తేనే ఈ జబ్బు పుడుతుంది. మీ కుటుంబాల మధ్య పాత చుట్టరికం ఏదైనా ఉందా?"

మా దీవిలో ఎంత దూరపు రక్తసంబంధమైనా పెళ్లికి పనికిరాదు. చేసుకుంటే ఊరు ముఖం మీద ఉమ్మేస్తుంది.

"మా అమ్మకి వంశాలన్నీ నోటికొచ్చు డాక్టరమ్మా. అలాంటిదేమైనా ఉంటే నన్ను పడవెక్కించి తరిమేసేది," అని నవ్వాడు తమ్ముడు.

అమ్మ నవ్వలేదు. "చెప్పకపోతే వీడికేమవుతుంది?" అని అడిగింది.

"జబ్బేదో తేలకపోతే రేపు ఇంకో డాక్టరు మామూలు నిమ్మే అనుకుని ఇంటికి పంపేయొచ్చు. నా భయం అదే."

అమ్మ తల వంచుకుంది. "సినలేయి ముత్తవ్వా, మా తాతా ఒక్క తల్లి పిల్లలు. ఆవిణ్ణి పసితనంలోనే పెంపకానికిచ్చేశారు. వీళ్ల పెళ్లయ్యాక తెలిసింది నాకు. పాప పోయినప్పుడు దేవుడి శిక్ష అనుకుని నోరు మూసుకున్నా."

"తెలిసీ చెప్పలేదా అత్తా?" అంది సినలేయి.

వాడికి ఆక్సిజన్ పెట్టారు, మందులు ఎక్కించారు. న్యూజిలాండ్‌కి పంపి చేయించిన వాడి రక్తపరీక్ష డాక్టరు అనుమానమే నిజమని తేల్చింది. వాడు బతికాడు. ఈ జబ్బు పోయేది కాదు, దగ్గు జీవితాంతం ఉంటుంది. కఫం కదలడానికి రోజూ అమ్మ వాణ్ణి ఒళ్లో బోర్లా వేసుకుని, గిన్నెలా వంచిన అరచేత్తో వీపు తడుతుంది. సినలేయి ఆమెతో మాట్లాడటం మానేసింది గానీ, బిడ్డను మాత్రం తెచ్చి ఒళ్లో వేస్తుంది. వాడు దగ్గేదాకా పక్కనే నిలబడుతుంది.