ఆగిన చేతికర్ర

నా భార్య ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఆమె తమ్ముడు ఒక్కసారీ తొంగిచూడలేదు. అప్పటినుంచి వాడితో మాట మానేశాను. ఆమె పోయాక, తను నడవాలనుకున్న పాత యాత్రాదారిన నేను బయల్దేరితే, వాడు సెలవు పెట్టి మరీ వెంటబడ్డాడు. దారి పొడుగునా వెనక వాడి చేతికర్ర టకటక విని విని ప్రాణం విసిగింది.

లోయ అంచున పొగమంచు కమ్మింది. ఉన్నట్టుండి ఆ టకటక ఆగిపోయింది.

"ఒరేయ్! ఎక్కడున్నావురా?"

"ఇక్కడే బావా. బూటులో రాయి పడింది."

వెనక్కి పరుగెత్తాను. బండమీద కూర్చుని బూటు దులుపుకుంటున్నాడు. గుండె కుదుటపడింది.

"బతికే ఉన్నావా, పీడా!"

"అమ్మయ్య, నోరు పెగిలింది! తెలిస్తే మొదటిరోజే రాయి వేసుకునేవాణ్ణి."

వాణ్ణి నేను క్షమించలేదు. ముందు నడవమన్నాను. టకటక వినిపిస్తుంటే నా అడుగు తేలికగా పడింది.