కెమెరా గుర్తుపట్టని ఓదెలు

జూన్ పన్నెండు, గురువారం. గోదావరిఖని వార్డు కార్యాలయంలో ఆపరేటర్ సంధ్యారాణి, గని కార్మికుడు ఓదెలు, అతని భార్య రాజవ్వ ఉన్నారు. వెనుక పెద్ద వరుస.

మనవరాలిని బడిలో చేర్చడానికి అదే ఆఖరి రోజు. దరఖాస్తు ఓదెలు పేరున ఉంది కాబట్టి, కార్యాలయంలోని కెమెరా అతని ముఖాన్ని గుర్తిస్తేనే పాప జనన ధ్రువపత్రం వస్తుంది. షిఫ్టు దిగి స్నానమైనా చేయకుండా పరుగెత్తుకొచ్చిన ఆ ముఖాన్ని అది రెండుసార్లు తిరస్కరించింది.

"మొఖం కడుక్కొని రారాదు కాకా?" అంది సంధ్యారాణి.

"గంతల బడి బందయితది బిడ్డా."

"ముప్పై ఏండ్ల సంది గీ బొగ్గు మొఖాన్ని నేను గుర్తువడ్తలేనా? గా డబ్బాకేమైంది?" అంటూ రాజవ్వ సీసాలో నీళ్లతో కొంగు తడిపి అతని ముఖాన్ని గట్టిగా తుడిచింది.

తెరపై పచ్చ వెలుగు మెరిసింది. వరుసంతా చప్పట్లు కొట్టింది.

సంధ్యారాణి ముద్రించి ఇచ్చిన పత్రానికి ఓదెలు ఆత్రంగా చేయి చాచాడు.

"నువ్వు ముట్టకు, మసి అంటుతది," అని రాజవ్వే దాన్ని మడిచి సంచిలో భద్రంగా దాచింది.