నొప్పికి మార్కులు

లెక్కల మాస్టారు మార్కులు వేయడంలో మహా పిసినారి. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్కరికైనా పదికి పది వేసిన పాపాన పోలేదు. లెక్క తప్పులేకుండా చేసినా, జవాబు కింద గీత వంకరగా ఉందని అర మార్కు కోసేసేవారు. పిల్లలు వెనకాల అరమార్కు మాస్టారనేవాళ్ళు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. లోలోపల కాస్త మురిసిపోయేవారు కూడా.

అంతటి మనిషి ఇప్పుడు వెనకవైపు నాడాలు కట్టే ఆస్పత్రి గౌను తొడుక్కుని, ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ళు గడ్డం దాకా ముడుచుకుని పడుకున్నారు. రక్త పరీక్షలో అంకె ఎక్కువొచ్చింది. ప్రోస్టేట్ గ్రంథిలోంచి పన్నెండు సన్నటి ముక్కలు తీసి, క్యాన్సరుందో లేదో చూడాలన్నారు. నెల రోజులుగా ఆయనకు కంటి మీద కునుకు లేదు. ఇంట్లో మాత్రం "ఏముంది, చిన్న టెస్టు" అని కొట్టిపారేశారు. బయట బెంచీ మీద కూర్చున్న భార్యకూ అదే ముక్క చెప్పి లోపలికొచ్చారు.

"మాస్టారూ, ముందు మత్తు ఇంజెక్షను చేస్తాను. మీరు మెలకువగానే ఉంటారు, అక్కడి వరకే మొద్దుబారుతుంది," అన్నాడు డాక్టరు వెనకనుంచి. "ఒక్కో ముక్క తీశాక నొప్పి పదికి ఎంతో చెప్పండి. అయిదు దాటితే ఆపి ఇంకాస్త మత్తిస్తాను. దాచుకోకండి, సరేనా?"

మాస్టారు తలూపారు. బొటనవేలంత లావు గొట్టం లోపలికి వెళుతుంటే సిగ్గుతో చచ్చిపోయారు. రెండుచోట్ల సూది చురుక్కుమంది. కాసేపాగి డాక్టరు చేతిలో ఏదో టక్కుమంది.

మాస్టారి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఎంత, మాస్టారూ?"

"నా... నాలుగు."

"అయితే పరవాలేదు. ఇంకా పదకొండు." మళ్ళీ టక్కుమంది. "ఇప్పుడో?"

"నాలుగున్నర."

ఆయన తల దగ్గర నిలబడ్డ నర్సమ్మ ఊరుకోలేదు. పరుపు అంచు పట్టుకున్న మాస్టారి వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. కన్నీళ్ళు ముక్కు మీదుగా దిండులోకి జారుతున్నాయి.

"డాక్టరుగారూ, ఒక్క నిమిషం ఆగండి. ఈయన చెప్పేది నాలుగున్నర, ఇక్కడ దిండు తడిసి ముద్దయింది."

డాక్టరు ఆపేసి, ఇటు తిరిగొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "ఎందుకు మాస్టారూ, నాతో అబద్ధం?"

"అబద్ధం కాదు బాబూ." "అంతకుమించి వేయడానికి చెయ్యి రావడం లేదు. తొమ్మిదీ పదీ ఇప్పుడే వేసేస్తే, రేపు ఆ జబ్బే ఉందని తేలితే... దాని నొప్పికి ఇంకేం వేయను? అప్పటికి కాసిని మిగలాలిగా."

నర్సమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

"రేపేం తేలుతుందో నాకూ తెలీదు మాస్టారూ," అన్నాడు డాక్టరు. "అప్పుడు నొప్పొస్తే అప్పుడూ మందిస్తాం. లేదనం. ఈ పూట నొప్పి సంగతి చెప్పండి. ఎంత?"

మాస్టారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు. "తొమ్మిది," అన్నారు. ఊపిరి పీల్చుకుని, "తొమ్మిదిన్నర," అని దిద్దారు.

"అయ్యో, ముందే చెప్పొద్దూ!" అంటూ లేచాడు డాక్టరు. మళ్ళీ సూది వేసి, ఈసారి గడియారం చూసి మరీ ఆగాడు. తర్వాతి ముక్కకు ఎవరో గోడ అవతల తలుపు కొట్టినట్టనిపించింది, అంతే. దానికి రెండే వేశారు. ఆ పైన అన్నీ రెండూ ఒకటీ. టక్కుమన్నప్పుడల్లా ఒళ్ళు ఉలిక్కిపడుతూనే ఉంది గానీ నొప్పి లేదు. భయం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. నర్సమ్మ ముక్కలు వేసిన చిన్న సీసాల మీద ఆయన పేరు అతికిస్తుంటే అటు చూడలేకపోయారు.

బయటికి రాగానే భార్య లేచి నిలబడింది. "ఎలా అయిందండీ?"

'ఏముంది' అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. మాస్టారు మెల్లగా, ఓ పక్కకు ఒరిగి బెంచీ మీద కూర్చున్నారు.

"భయమేస్తోందే," అన్నారు. "వారంలో రిపోర్టిస్తారట. ఒక్కణ్ణీ వచ్చి వినలేను. నువ్వూ రా."

ఆవిడ పక్కనే కూలబడి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నెల రోజులుగా వణికి చస్తున్నానండీ. మీరేమో ధైర్యంగా ఉన్నారు, నన్ను చూసి ఎక్కడ బెంబేలెత్తిపోతారోనని రోజూ స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడుస్తున్నాను."