గొంగడి దళం

కెనడాలోని ఏజాక్స్‌లో ఆదివారం మధ్యాహ్నాలు లైబ్రరీ వెనక గదిలో బొమ్మల యుద్ధాలు జరుగుతాయి. ఆడేది పిల్లలు కాదు, పెద్దవాళ్లు. బొటనవేలంత బొమ్మలకు రంగులు వేసి, చరిత్రలో ఉన్న సైన్యాల్లా తయారుచేసి, బల్ల మీద నిలబెట్టి పాచికలతో కొట్టుకుంటారు. ఎవరి సైన్యం బల్ల ఎక్కాలో చెప్పేది రామమోహనరావు గారు. ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ ఐటీ మనిషి. ఆయనది విజయనగర సైన్యం, ఏనుగులతో సహా.

భవితది సూర్యాపేట. కాలేజీల నిండా, బస్సుల నిండా మనవాళ్లే దిగిన ఏడాది తనూ చదువుకని దిగింది. ఆ గదిలో ఏ బల్ల చూసినా రాజులే. ఒక్కసారి తన మనుషులు ఆ బల్ల మీద నిలబడాలి. ఆమెకు కావలసింది అంతే.

పాత సామాన్ల కొట్లో ఒక బోర్డు గేమ్ పెట్టె దొరికింది. అందులోనూ రాజులే, తెల్లవాళ్లు. కిరీటాలు కోసేసింది. గడ్డాలు గీకేసింది. కత్తులు విరిచి, అగ్గిపుల్లలతో రోకళ్లు పెట్టింది. నల్లదారంతో రాళ్లు విసిరే వడిసెలలు పేనింది. జిగురు ముద్దతో గోచి పెట్టి చీరలు కట్టింది. రంగు సీసా మీద 'ఒంటి రంగు' అని ఉంటే తెరిచి చూసింది. గులాబీ! ఎవరి ఒళ్లు? మూత బిగించి, గోధుమా నలుపూ కలిపి, తన ముంజేయి పక్కన పెట్టి సరిచూసుకుంది. రాజుల భుజాల మీంచి వేలాడే ప్లాస్టిక్ దుప్పటి మాత్రం ఊడి రాలేదు. దానికి నల్లరంగు పూసి, అంచున తెల్లచార గీసింది. గొంగడి అయింది.

పంతొమ్మిది వందల నలభైల్లో, తెలంగాణలో దొర గడీ మీదికి తిరగబడి పోయిన ఆడవాళ్ల దళం తయారు.

రామమోహనరావు గారు వంగి చూశారు.

"బాగా చేశావమ్మా. ఈ కేప్ వేసుకున్నావిడే కదా సేనాపతి?"

"కేప్ కాదంకుల్, గొంగడి. అందరికీ ఉన్నది చూడుండ్రి."

"మరి సేనాపతి ఎవరు?"

"లేరు."

"లేకపోతే ఎలాగ? సేనాపతి పడితే సైన్యం ఓడినట్టు. ఆటే అది. ఎవరో ఒకరికి జెండా అతికించు, మిగతావాళ్లు ఆవిడ వెనకాల."

"ఎవరెనకా ఎవరూ పోలే."

"మీ స్టూడెంట్ బ్యాచ్ అంతా ఇంతే, రూల్స్ అంటే లెక్కలేదు. ఊళ్లో గొడవని సైన్యం అంటే నేనొప్పుకోను. సేనాపతిని చూపించు, లేదా పెట్టెలో సర్దెయ్."

ఒకామెను చూపిస్తే ఏమవుతుందో భవితకు తెలుసు. మొదటి ఏనుగు ఆమె మీదికే వస్తుంది. ఆమె పడితే మిగతావాళ్లు, దెబ్బ తగలకుండానే, ఓడిపోయినవాళ్లు. దొరల లెక్కా అదే కదా, ఒక్కరిని పట్టుకుంటే ఊరు అణుగుతుందని!

"ఆ రూలు చదువుండ్రి అంకుల్."

ఆయన ఫోన్ తీసి చదివారు. "'ప్రతి సైన్యానికీ కనీసం ఒక సేనాపతి ఉండాలి.' చాలా?"

"కనీసం అన్నరు. ఎక్కువుంటే వద్దన్లే కదా?"

"అంటే?"

"అందరూ సేనాపతులే."

"ఇంతమందా! అందర్నీ కొట్టుకుంటూ కూర్చుంటే నేను ఇంటికెళ్లేదెప్పుడు?"

"ఆంటీకి ఫోన్ చేసి చెప్పుండ్రి, లేటయితదని."

పక్క బల్ల దగ్గర ఆడుతున్న చాందిని పగలబడి నవ్వింది. ఆయన మొహం ఎర్రబడింది. కానీ రూలు రాసింది ఆయనే. కుర్చీ లాక్కుని, ఏనుగులు పేర్చి, గొంతు తగ్గించారు.

"పోనీ నాకొక్కడికీ చెప్పమ్మా. వీళ్లలో అసలావిడ ఎవరు?"

భవిత పాచికలు ఆయన చేతిలో పెట్టింది.

"కొట్టి చూడుండ్రి. ఎవరు పడితే మిగతావాళ్లు ఆగుతరో నాకూ తెల్వదు."