తీగ చివర

మియాపూర్‌లో ఆ అపార్ట్‌మెంట్‌లో ఎవరినడిగినా దినేశ్ చాలా మంచివాడనే చెబుతారు. లిఫ్ట్‌లో ఎవరు ఎక్కినా నవ్వుతాడు. వాచ్‌మన్ పిల్లలు ఎలా చదువుతున్నారో అడుగుతాడు. వినాయక చవితికి మంటపం పనులన్నీ నెత్తిన వేసుకుంటాడు. ఇలాంటివాళ్ళతో వచ్చిన చిక్కు ఒకటే. మంచితనమంతా బయట పంచేసి వస్తారు, ఇంటికొచ్చేసరికి మిగిలేది వేరే సరుకు.

ఆ సరుకు మొత్తం అతని భార్య రోహిణి వాటాకి వచ్చేది. ఇద్దరూ కడపలో ఒకే కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివారు. ఆమె రికార్డులు చూసి రాసుకునే అతను గట్టెక్కాడు. పెళ్ళయిన కొత్తలో ఆ సంగతి అతనే నలుగురిలో చెప్పి నవ్వేవాడు. ఆమె గచ్చిబౌలిలో ఒక టెలికాం కంపెనీలో యాంటెన్నాలు పరీక్షించే ఉద్యోగం చేసినన్నాళ్ళూ "మా ఇంట్లో బుర్ర ఆమెదే" అనేవాడు. నిరుడు ఆ కంపెనీ ఆమె టీమునంతా తీసేసింది. ఆ రోజునుంచి ఆ మాట మళ్ళీ అతని నోట రాలేదు. హైటెక్ సిటీలో తన మేనేజరు ఉద్యోగం మాత్రం చెక్కుచెదరలేదని రోజుకొకసారైనా గుర్తుచేసేవాడు, చల్లారిన కాఫీ వంకతోనో, వెలుగుతున్న లైటు వంకతోనో.

ఇంట్లో ఏడాదిపాటు ఇవి విన్నాక రోహిణికి ఒక దారి దొరికింది. ఇద్దరికీ క్లాస్‌మేట్ అయిన జశ్వంత్ మాదాపూర్‌లో డ్రోన్ల కంపెనీ పెట్టాడు. రేడియో పని తెలిసిన మనిషి కావాలన్నాడు. ఇంటర్వ్యూ కూడా ప్రశ్నలూ జవాబులూ కాదు.

"నీకు హామ్ రేడియో లైసెన్స్ ఉంది కదా రోహిణీ. ఇంటిమీద ఒక తీగ కట్టు. రెండు వారాలు కొలతలు తీసి తీసుకురా. ఈరోజు వచ్చిన కొలత రేపు కూడా రావాలి. నాకు కావలసిందల్లా అంతే," అన్నాడు.

ఆమెకి అది చిన్నపిల్లల ఆట. ఇరవై మీటర్ల రాగి తీగ తెచ్చింది. ఒక చివర కిటికీలోంచి తన గదిలోకి, రేడియో దాకా లాగింది. రెండో చివరని టెర్రస్ మీద వాటర్ ట్యాంకు పక్కనున్న ఇనప స్తంభానికి నైలాన్ తాడుతో కట్టింది. హామ్‌ల భాషలో, అంటే సరదాకి రేడియోలో ఊరూరివాళ్ళతో మాట్లాడేవాళ్ళ భాషలో, దాన్ని లాంగ్ వైర్ అంటారు. చూసేవాళ్ళకి బట్టలారేసే తీగ.

"దీనికి ఇంజనీరింగ్ చదవాలా? మా యమ్మ కడ్తాది ఇట్లాంటివి నాలుగు," అన్నాడు దినేశ్.

"మీ యమ్మ కట్టినదాన్ని ముట్టుకుంటే ఏమీ కాదు. ఇది నేను మైకు నొక్కినప్పుడు ముట్టుకుంటే వేలు కాలుతుంది. తీగ మొత్తంలో చివరే ఎక్కువ ప్రమాదం," అంది రోహిణి. ఎర్ర అక్షరాలతో 'ముట్టుకోవద్దు' అని ఒక అట్ట రాసి స్తంభానికి వేలాడదీసింది. మైకు బటన్ నొక్కేముందు తీగ దగ్గర ఎవరూ లేరని అడిగి తెలుసుకోవడం ఆమెకి కాలేజీ రోజులనుంచీ అలవాటు.

"నీ తీగకి అంత సీన్ లేదులే," అన్నాడు అతను. అసలు మైకు దాకా ఇంకా రాలేదు కాబట్టి ఆమె కూడా ఎక్కువ వాదించలేదు. ముందు కొలతలు కుదరాలి. అరచేతిలో పట్టే మీటరు ఒకటుంది. తీగ పొడవుకి తగ్గట్టు అది ఒక ఫ్రీక్వెన్సీ చూపిస్తుంది. పొడవు మారకపోతే అంకె మారకూడదు.

అంకె మారింది.

మొదటిసారి దినేశ్ కావాలని చేయలేదు, అది ఒప్పుకోవాలి. పొద్దున్నే టెర్రస్ మీద వాకింగ్ చేస్తుంటే ముడి దగ్గర మిగిలిన తీగ కొస కళ్ళద్దాలకి తగిలింది. కిందికి పోయి కటింగ్ ప్లేయర్ తెచ్చి కొస కత్తిరించి పారేశాడు. ఆ సాయంత్రం ఆఫీసునుంచి వచ్చేసరికి రోహిణి గదిలో నేలమీద కూర్చుని ఉంది. చుట్టూ విప్పేసిన కనెక్టర్లు, కేబుళ్ళు. జుట్టు కూడా దువ్వుకోలేదు.

"నిన్నటి కొలత రాలేదు. ఎక్కడో తప్పు చేస్తాండా," అంది.

చెప్పడానికి అతను నోరు తెరిచాడు కూడా. 'నేనే కత్తిరించినా' అంటే అయిపోయేది. కానీ ఆమె ముఖం చూశాక ఆగాడు. కాలేజీలో పరీక్ష ముందురోజు తన ముఖం అలాగే ఉండేది. అప్పుడు ఈమే పక్కన కూర్చుని, ఇంత చిన్న విషయం అర్థం కాలేదా అన్నట్టు ఓపిగ్గా చెప్పేది. ఆ ఓపిక అతనికి ఇన్నేళ్ళూ గొంతులో ముల్లులా ఉంది.

"మళ్ళీ చూసుకో. కంగారులో ఏదో తప్పు చేసింటావ్," అన్నాడు. ఆ రాత్రి అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

మర్నాటినుంచి అది అతని వాకింగ్‌లో భాగమైంది. ముడి విప్పడం, నాలుగు వేళ్ళంత ముక్క కత్తిరించడం, మళ్ళీ ముడి వేసి తాడు బిగించడం, ముక్కని ట్యాంకు వెనక పారేయడం. అంత తీగలో నాలుగు వేళ్ళంత తగ్గితే కంటికి ఎక్కడ ఆనుతుంది? రోహిణి రెండుసార్లు పైకి వెళ్ళి చూసి వచ్చింది. తీగ ఉంది, తాడు ఉంది, అట్ట ఉంది. కిందికి వచ్చి మీటరు బ్యాటరీ మార్చింది. కేబుల్ మార్చింది. ఎర్త్ తీగ మార్చింది. అంకె రోజూ కొంచెం పైకి జరుగుతూనే ఉంది.

పొడవు తగ్గితేనే అంకె పైకి పోతుందని ఆమెకి తెలియక కాదు. రాగి తీగ ఎండకి సాగుతుందేగానీ కుంచించుకుపోదు. కాబట్టి తప్పు తీగది కాదు, తనదే అనుకుంది. ఆఫీసు తీసేసిన మనిషి ముందు తననే అనుమానిస్తుంది. దినేశ్‌కి ఆ సంగతి బాగా తెలుసు.

"పొద్దున పాలు పొంగించినావు, చూసుకున్నావా?" అనేవాడు. "స్కూటీ తాళం దానికే వదిలేసినావు. నేను ఏమీ అనడంలా. డాక్టరు దగ్గరికి పోదామంటాండా అంతే." తాళం బండికే వదిలింది ఒక్కరోజు. వారమంతా వదిలిందని అతను చెప్పాడు. వారం చివరికి ఆమె కూడా వారమే అనుకుంది. గ్యాస్ కట్టేశానా లేదా అని మూడుసార్లు లేచి చూసి పడుకునేది.

జశ్వంత్ దగ్గరికి వెళ్ళాల్సిన రోజు దగ్గరపడింది. రెండు వారాల కొలతల్లో ఏ రెండూ కలవలేదు. దినేశ్ ఆమె పక్కన సోఫాలో కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి, ఎంతో ప్రేమగా మాట్లాడాడు.

"పోయి వాడి ముందర తల దించుకోవడం ఎందుకు? నాకే నామోషీ. ఇప్పుడు కుదరదని మెసేజ్ పెట్టు. నేను చెబుతా, రాసుకో."

అతను చెప్పాడు, ఆమె టైప్ చేసింది. తర్వాత అతను జశ్వంత్‌కి వేరేగా ఫోన్ చేసి, "రోహిణికి ఈ మధ్య బాగుండటంలేదురా, ఏమీ అనుకోవద్దు," అన్నాడు. జశ్వంత్ ఏమీ అనుకోలేదు. ఆ వారమే వేరే అబ్బాయిని తీసుకున్నాడు.

ఉద్యోగం పోయాక ఇక తీగతో పనేముంది? అయినా రోహిణి కొలవడం మానలేదు, దినేశ్ కత్తిరించడం మానలేదు. రుచి మరిగాడు.

వాచ్‌మన్ రాజయ్య భార్య చంద్రమ్మ టెర్రస్ ఊడుస్తుంది. ఒక మధ్యాహ్నం తలుపు కొట్టింది. కొంగులో ఏదో మూట కట్టుకుని ఉంది.

"మేడం, ఒక మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. సారు రోజు పొద్దుగాల ట్యాంకు కాడ గీ రాగి ముక్కలు కోసి పారేస్తుండు గద. నేను తీస్కుంటే ఏం పరేషాన్ లేదు గద? పాత సామాన్లోనికి అమ్ముకుంట. అడగకుంట తీస్కునుడు మంచిగుండదని వచ్చిన."

"ఏ ముక్కలు చంద్రమ్మా?"

చంద్రమ్మ కొంగు విప్పి చూపించింది. అన్నీ దాదాపు ఒకే కొలత. చివరలు నున్నగా తెగి మెరుస్తున్నాయి.

రోహిణి ఒక ముక్క తీసుకుని తెగిన చివర వేలితో తడిమి చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి, బీరువాలోంచి ఒక పాత ఇత్తడి చెంబు తెచ్చి చంద్రమ్మ చేతిలో పెట్టి, "దీన్ని అమ్ముకో. ముక్కలు నాకు కావాలి," అంది.

తలుపు వేసుకుని గది నేలమీద వాటిని ఒకదాని పక్కన ఒకటి వరసగా పేర్చింది. రోజూ మీటరు చూపించిన అంకెకీ ఆ వరసకీ లెక్క సరిపోయింది. ఒక్క కొలత కూడా తప్పు కాదు. పాలు, తాళాలు, గ్యాస్, డాక్టరు, అన్నీ గుర్తొచ్చాయి. ముందు సంతోషం కలిగింది, తన బుర్ర చెడలేదని. ఆ సంతోషం రెండు నిమిషాలు ఉండి ఉంటుంది. దాని వెనకే వచ్చింది కోపం కాదు, కోపానికి పెద్దక్క. ఏడుపు రాలేదు.

రాత్రి భోజనాల దగ్గర, "రేపు పొద్దున ఆఖరుసారి చూస్తా. కుదరకపోతే పీకేస్తా," అంది మామూలుగా.

"మంచిది," అన్నాడు దినేశ్, పెరుగు కలుపుకుంటూ. ఆఖరిరోజు కాబట్టి పెద్ద ముక్కే కోయాలనుకున్నాడు.

పొద్దున అతను వాకింగ్‌కని పైకి వెళ్ళాక రోహిణి రేడియో ముందు కూర్చుంది. పొట్టి అయిన తీగకి తగ్గట్టు ట్యూనర్ తిప్పుకుంది. పవర్ పూర్తిగా పెంచింది. కొంచెంసేపు ఆగింది, ముడి విప్పేంతసేపు. అప్పుడు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"ఎక్కడున్నావ్?"

"పార్కింగ్‌లో. కారు తుడుస్తాండా. ఏమి?"

ఫోన్‌లో ట్యాంకులోకి నీళ్ళు పడుతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. పార్కింగ్‌లో ట్యాంకు లేదు.

"మైకు నొక్కబోతాండా. తీగ దగ్గర ఎవరూ లేరు కదా?"

"ఎవరుంటారు?"

"నిజంగా?"

"నిజంగానే తల్లీ. నొక్కుకో. నీ తీగకి అంత సీన్..."

రోహిణి బటన్ నొక్కి, నిదానంగా, స్పష్టంగా తన కాల్‌సైన్, లైసెన్స్‌తో వచ్చిన గుర్తు పేరు, పలికింది. ఎవరైనా వింటున్నారా అని పిలిచింది.

ఫోన్‌లోంచి వచ్చిన కేక మనిషిదిలా లేదు. తర్వాత ఏదో ఇనప వస్తువు నేలమీద పడిన చప్పుడు, కటింగ్ ప్లేయర్ అయ్యుంటుంది. ఆమె మాట మధ్యలో ఆపలేదు. పూర్తిచేసి, బటన్ వదిలి, ఫోన్ కట్ చేసి, రేడియో వినడం మొదలుపెట్టింది. గరగరల్లోంచి ఒక ముసలి గొంతు ఆమె కాల్‌సైన్ తిరిగి చెప్పింది. బళ్ళారినుంచి నరసప్ప అట.

"బాగా వినిపిస్తున్నారమ్మా. యాంటెన్నా ఏది?"

"లాంగ్ వైర్ అండి. కొంచెం పొట్టిది."

"పొట్టిదైనా గట్టిగా పనిచేస్తోంది. ఆదివారం పొద్దున మళ్ళీ పిలుస్తాను, ఉండండి."

ఉంటానంది. ఇన్ని రోజుల తర్వాత దేన్నీ మూడుసార్లు సరిచూసుకోవాలనిపించలేదు. అది ఆమెకి ఎంత హాయిగా ఉందో చెబితే వినేవాళ్ళు ఆమెని మంచిది అనరు.

దినేశ్ కుడిచెయ్యి పట్టుకుని లోపలికి వచ్చాడు. బొటనవేలూ చూపుడువేలూ కొసల్లో చర్మం తెల్లగా ఉడికి, మధ్యలో నల్లటి చుక్క పడింది. కాలిన వాసన అతనితోపాటే గదిలోకి వచ్చింది.

"నేను పైనుండానని తెలిసే నొక్కినావ్!"

"పార్కింగ్‌లో ఉన్నావు కదా," అంది రోహిణి.

అతను ఇంకేదో అనబోయి నేలమీద చూశాడు. ముక్కలు వరసగా ఉన్నాయి.

తర్వాతి రోజుల్లో దినేశ్ ఇస్త్రీ పెట్టె తగిలిందని అందరికీ చెప్పుకున్నాడు. ఆ వేళ్ళతో ఫోన్ తెరుచుకోలేదు, ఆఫీసు గుమ్మం దగ్గర వేలిముద్ర మిషన్ అతన్ని గుర్తుపట్టలేదు. చూడ్డానికి వచ్చిన జశ్వంత్, "ఇస్త్రీ కూడా చేతకాదారా నీకు?" అని నవ్వితే అందరికంటే ఎక్కువ రోహిణే నవ్వింది. వాళ్ళు నవ్వుతున్నంతసేపూ దినేశ్ ఆమె చేతులనే చూస్తూ కూర్చున్నాడు, ఆ ముక్కలు ఇప్పుడు తెచ్చి టీపాయ్ మీద పోస్తుందేమోనని.

ఆదివారం వచ్చింది. ఆమె తీగకి కొత్త ముక్క అతికించి పాత పొడవు చేసింది. అప్పుడు దినేశ్‌ని పిలిచింది.

"పైకి పోయి తీగ చివర పట్టుకో. లేకపోతే చెప్పు, ముక్కలు జశ్వంత్‌కి పంపిస్తా."

పట్టుకోవలసిన పని లేదు, స్తంభానికి తాడు ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. దినేశ్ ఒక నిమిషం నిలబడి, తర్వాత మెట్లెక్కాడు. రోహిణి రేడియో ముందు కూర్చుని, మైకు చేతిలోకి తీసుకుని, ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావ్?"

"పైన. ట్యాంకు దగ్గర. తీగ చేతిలోనే ఉంది రోహిణీ. నొక్కొద్దు."

"నిజంగా?"

"నిజంగానే. అమ్మతోడు."

రేడియోలో నరసప్ప అప్పటికే ఆమెని పిలుస్తున్నాడు. ఉన్నారా అమ్మా, వింటున్నారా అని రెండోసారి కూడా అడిగాడు. జవాబు చెప్పాలంటే బటన్ నొక్కాలి. ఫోన్‌లో దినేశ్ ఏడుస్తున్నాడు. రోహిణి బొటనవేలు బటన్ మీద పెట్టుకుని, ఇద్దరినీ వింటూ కూర్చుంది.