చెరిపేసిన జవాబులు

అయిదో తరగతి పేపర్లు అరవై రెండు దిద్దేసరికి సైన్సు టీచరమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది. అరవై మూడోది చూడబోతే తెల్లకాగితం. పేరుంది, ప్రశ్నల నంబర్లున్నాయి, కింద ఒక్క ముక్క లేదు. గంట కొట్టేలోపు తప్పినవాళ్ల జాబితా హెడ్మాస్టరు చేతిలో పెట్టాలి. అందులోకి ఎక్కితే మళ్ళీ అయిదే.

"ఒళ్ళు బరువు, ఇంకేముంది" అని గొణుక్కుంటూ ఆ పేరు జాబితాలో ఎక్కించింది. సున్నా చుట్టబోతుంటే కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడి, కాగితం మీద నొక్కులు కనిపించాయి. కళ్ళజోడు తుడుచుకుని చూసింది. పెన్సిలుతో రాసి, రబ్బరుతో పనిగట్టుకుని చెరిపేసిన జవాబులు. పదింట్లో ఎనిమిది రైటు.

పిల్లని స్టాఫ్ రూముకి పిలిపించింది.

"అన్నీ రాసి ఎందుకు చెరిపేశావే?"

"తప్పయితే మీరు క్లాసులో చదువుతారు కదండీ టీచర్."

"తప్పులెక్కడున్నాయి? ఇంచుమించు అన్నీ రైటేగా!"

"అది మీరు చదివేదాకా నాకు తెలీదు కదండీ."

టీచరమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. అర్ధసంవత్సరం పరీక్షలో, తడి బట్టలు ఎందుకు ఆరతాయంటే, 'గాలికి దాహం వేస్తుంది కాబట్టి' అని రాసింది ఈ పిల్లే. ఆవిడ దాన్ని గొంతు పట్టుకుని నాటకంలా చదివి వినిపించింది. క్లాసు విరగబడి నవ్వింది. ఆరోజు కూడా ఇలాగే అలిసిపోయి ఉంది. ఆ నవ్వుతో కాస్త ప్రాణం లేచొచ్చింది కూడా. అప్పట్నించీ పిల్లలకి ఆ పిల్ల పేరు 'దాహం'. ఆవిడా ఒకటి రెండుసార్లు అలాగే పిలిచింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసింది.

చెరిపిన జవాబులకి మార్కులు వేసి, జాబితాలో ఆ పేరు కొట్టేసింది. అంతటితో ఊరుకోబుద్ధి కాలేదు. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలని, ఉసూరుమంటూ లేచి, పిల్లని వెంటబెట్టుకుని క్లాసుకి వెళ్ళింది.

"ఒరేయ్, అందరూ వినండి. ఆవేళ తడి బట్టల జవాబు చదివి మిమ్మల్ని నవ్వించానే, అది తప్పు. ఆ జవాబు అంత తప్పేం కాదు. గాలి నీటిని నిజంగానే..."

"తాగేస్తుంది టీచర్! దాహం!" అన్నారు వెనకబెంచీలోంచి ఎవరో, గొంతు పట్టుకుని, అచ్చం ఆవిడలాగే.

క్లాసంతా గొల్లుమంది. ఏడాది పొడుగునా గొంతు చించుకున్నా ఎక్కనిది, ఈ ఒక్క పాఠం మాత్రం అందరికీ పొల్లు పోకుండా వచ్చేసింది. ఆ పిల్ల తల దించుకుని తన చోట్లో కూర్చుంది.

క్లాసు నవ్వు అణిగేదాకా టీచరమ్మ బల్ల పట్టుకుని నిలబడింది. తర్వాత మళ్ళీ మొదటినించీ చెప్పడం మొదలుపెట్టింది.