చివరి గడిలో కచ్చకాయలు

మా ఆఫీసు దోహా వెస్ట్ బేలో ఒక టవరు పై అంతస్తులో ఉండేది. అక్కడ నేను చేసే పని మీద మెట్‌పల్లిలో ఉన్న మా అమ్మ భూమవ్వకు మొదటి నుంచీ అనుమానమే. ఆటలు తయారు చేస్తానని ఫోన్‌లో చెబితే, "దుబాయ్‌ల దానికి గుడ జీతమిస్తరా?" అని అడిగింది. ఇది దుబాయ్ కాదు, ఖతర్ అని చెప్పడం నేను ఎప్పుడో మానేశాను. జీతమైతే ఇస్తారు. ఆటలు ఆడటం సరదాగాని, పదిమంది చేత ఆడించేసరికి ప్రాణం తోకకొస్తుంది.

వరల్డ్ కప్ కోసం దోహా అంతా తవ్వి పోసిన రోజులవి. నిన్న వెళ్ళిన రోడ్డు ఇవాళ ఉండేది కాదు. మా ఆయన తిరుమల్ స్టేడియం సైట్‌లో సేఫ్టీ ఆఫీసరు కాబట్టి, ఇంట్లో కూడా పొద్దున లేస్తే హెల్మెట్ల గొడవే. ఆ సంబరంలో మా చిన్న కంపెనీ కూడా ఒక చెయ్యి వేసింది. చేతిలో పట్టుకుని ఆడే కన్సోల్ కోసం చిట్టి ఆటల సంకలనం ఒకటి తయారు చేస్తున్నాం. దేశదేశాల వీధి ఆటలన్నీ అందులో ఉంటాయి. ఒక్కొక్కటి ఐదు సెకన్లు. ఒకటి అయ్యీ కాకముందే ఇంకోటి తెర మీదికి దూకుతుంది. మెట్రోలోనో, డాక్టరు దగ్గర వరసలోనో కూర్చుని ఎవరైనా ఆడుకోవచ్చు.

ఎవరి ఊరి ఆట వాళ్ళు తెచ్చారు. కేరళ కుర్రాడు పడవ పందెం పెట్టాడు. ఫిలిప్పీన్స్ అమ్మాయి ఈకల బంతిని కాలితో ఎగరేసే ఆట పెట్టింది. ఇక్కడి అల్ షహానియా ఒంటెల పందెం సరేసరి. మెనూలో గడులన్నీ నిండి చివరికి ఒక్కటి మిగిలింది. అందులో మా కచ్చకాయలు ఉండాలని నేను పట్టుపట్టాను.

ఐదు రాళ్ళ ఆట. ఒకటి పైకి ఎగరేసి, అది కిందికొచ్చేలోపు నేల మీదివి ఏరి, మళ్ళీ దాన్ని అందుకోవాలి. కోస్తావాళ్ళు అచ్చంగాయలంటారు. మా వాడలో మైదానమంతా మగపిల్లలది, మాకు మిగిలింది అరుగు. ఆ అరుగు మీద మేము ఆడింది ఆటే కాదని, పనీపాటా లేక రాళ్ళేరుకోవడమని అందరి అభిప్రాయం. ఒక బంతి వెనక పరుగెత్తే ఆట కోసం దేశం దేశమే తవ్వుకుంటున్నప్పుడు, మా ఆటకు ఐదు సెకన్లు అడగడం అత్యాశ ఎలా అవుతుంది?

చిక్కు ఎక్కడంటే, నేను తయారు చేసిన కచ్చకాయలు ఎవరికీ ఆడరాలేదు. కన్సోల్‌ని చిన్నగా పైకి కుదిపితే తెర మీద రాయి లేస్తుంది. వేలితో కింది రాళ్ళు ఏరాలి. ఎవరు ఆడినా పై రాయి కింద పడటమే. ఏ ఆట ఉండాలో, ఏది పోవాలో తేల్చేవాడు ఫసీయుద్దీన్. హైదరాబాదు టోలీచౌకీ మనిషి. మంచివాడేగాని ఆట బాగా లేకపోతే మొహం మీదే అనేస్తాడు. గురువారం మీటింగులో అదే అన్నాడు.

"తీసేద్దాం సునందా. దీని జాగాల బుడగలు పగలగొట్టే ఆట పెడ్తే ఖతం."

"బుడగలు ఏ దేశపు ఆట, భాయ్?"

"అన్ని దేశాలది."

"అంటే ఎవ్వలది కాదన్నట్టు."

"అరే, గుస్సా ఎందుకు? ఆడరాని ఆట ఎవరు కొంటరు? అసలు ఇది ఆటనేనా? ఆడపిల్లలు టైంపాస్‌కు రాళ్ళేరుతరు, అంతే కదా!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మెట్‌పల్లి అరుగు మీద విన్న మాటే వెస్ట్ బేలో ఏసీ గదిలో మళ్ళీ వినాల్సి వచ్చింది. బల్ల మీద ఎవరో తిని వదిలిన ఖర్జూరం గింజలు ప్లేటులో ఉన్నాయి. అందులోంచి నాలుగు తీసి బల్ల మీద చల్లాను.

"ఇది ఆటనో కాదో జర చూడు!" అన్నాను.

ఐదో గింజ ఎగరేయాలి. అది ప్లేటులోనే ఉండిపోయింది. నా కుడిచేతిలో కన్సోల్ ఉందన్న సంగతి ఆ కోపంలో నాకు గుర్తే లేదు. చేతికి మాత్రం ఆట గుర్తుంది. కన్సోల్ పైకి లేచింది.

అది బజారులో దొరికేది కాదు. ఆటలు తయారు చేసేవాళ్ళకు మాత్రమే ఇచ్చేది. మాకున్నది అదొక్కటే. "యా అల్లా!" అని ఫసీయుద్దీన్ అరుపు వినపడింది. అప్పటికే నా వేళ్ళు బల్ల మీది గింజల్ని ఊడ్చేశాయి. గింజలున్న అరచేతిలోనే కన్సోల్ వచ్చి పడింది. ఒక్క గింజ కూడా జారలేదు.

ఫసీయుద్దీన్ కన్సోల్ లాక్కుని గుండెకు హత్తుకున్నాడు. తిడతాడనుకున్నాను. అతను నన్నే వింతగా చూస్తున్నాడు.

"ఒక్క నిమిషం. నువ్వు కిందికి చూడనే లేదు."

"ఏంది?"

"గింజలు ఏరేటప్పుడు. నీ కండ్లు పైననే ఉన్నయి."

అవును మరి. కచ్చకాయలాటలో నేల చూస్తూ కూర్చునేదెవరు? రాళ్ళు ఎక్కడెక్కడ పడ్డాయో ఎగరేసే ముందు ఒకసారి చూసుకుంటాం. రాయి లేచాక కళ్ళు దాని వెంటే వెళతాయి, వేళ్ళు కింద తమ పని తాము చేసుకుంటాయి. నేనేమో తెర నిండా నేల పరిచాను. ఆడేవాళ్ళు పాపం నేలనే చూస్తూ పై రాయిని పోగొట్టుకుంటున్నారు. తెర నిండా ఆకాశం ఉండాలని అప్పుడు మా ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

"వారం రోజుల్ల మార్చి చూపెడ్త," అన్నాను.

"చూపెట్టు. బుడగలు పక్కన పెడ్తున్న," అన్నాడు ఫసీయుద్దీన్.

నేను ఇంకా ఊపిరి పీల్చుకోలేదు, తలుపు దగ్గర నుంచి "లగ్‌ఫా!" అని కేక వినపడింది. మా కంపెనీ యజమానురాలు మర్యమ్ మేడం. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు. నల్లటి అబాయా ఎగురుతుండగా లోపలికి వచ్చింది.

"ఇది మా ఆట! మా నానమ్మ ఇంటి వాకిట్లో మేమంతా ఆడేవాళ్ళం. చివరి గడి దీనికే. పేరు లగ్‌ఫా అని పెట్టండి," అంది ఇంగ్లీషులో.

ఆట బతికింది, పేరు పోయింది. జీతమిచ్చే మనిషి అంటోంది, పైగా ఆమె దేశం. బుద్ధున్నవాళ్ళెవరైనా తల ఊపి ఊరుకుంటారు. బల్ల కింద ఫసీయుద్దీన్ నా కాలు తొక్కాడు కూడా.

"మేడం, దీన్ని తయారు చేసింది నేను. దీని పేరు కచ్చకాయలు," అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టింది. ఉంగరాలు కూడా తీసింది.

"అయితే ఆడదాం. ఎవరు గెలిస్తే వాళ్ళ పేరు."

కారిడారులో పూలకుండీలోంచి గులకరాళ్ళు తెచ్చారు. ఇద్దరం కార్పెట్ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాం. పక్క ఆఫీసువాళ్ళు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు. "పక్క రాయి కదిలితే ఔట్!" అని ఫసీయుద్దీన్ అంపైరు పని నెత్తినేసుకున్నాడు. టైంపాస్ అన్న మనిషే!

మొదటి వంతు ఆమెది. ఒక్కొక్కటి, రెండేసి, మూడు, నాలుగు, అన్నీ నీళ్ళు తాగినంత తేలిగ్గా ఏరేసింది. నేనూ ఏరాను. చివరికి ఐదూ కలిపి ఎగరేసి బోర్లించిన చేతి మీద నిలుపుకుని, మళ్ళీ ఎగరేసి గుప్పిట పట్టే ఘట్టం మిగిలింది. మర్యమ్ మేడం చేతి మీద ఐదూ నిలిచాయి. రెండోసారి ఎగరేసినప్పుడు ఒకటి వేళ్ళ సందులోంచి జారింది.

నా వంతు వచ్చింది. రాయి ఒకటి జారితే సమానమై మేడం మాటే చెల్లుతుంది, మా వాడ ఆడపిల్లలందరి ఆటా ఇంకో పేరుతో లోకం చుట్టి వస్తుంది. ఎగరేశాను. ఐదూ చేతి మీద నిలిచాయి. మళ్ళీ ఎగరేసి గుప్పిట మూశాను. కార్పెట్ మీద రాయి పడితే చప్పుడు కూడా రాదు. కిందికి చూడటానికి ధైర్యం చాలలేదు. మెల్లగా గుప్పిట విప్పి లెక్కపెట్టుకున్నాను. ఐదూ ఉన్నాయి.

మర్యమ్ మేడం లేచి గడియారం చేతికి పెట్టుకుంది. ఉంగరాలు పెట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం తిరుమల్‌కి చెబితే పడిపడి నవ్వాడు. "కన్సోల్ ఎగరేసినవా? నా సైట్‌ల అయితే అప్పుడే గేటు బయటికి పంపుతుంటి. మీద కెల్లి ఓనరమ్మనే ఓడగొట్టినవు. ఇగ నీకు డ్యూటీ ఉంటదంటవా?" అన్నాడు. ఆ మాటకు నాకు నవ్వు రాలేదు. పేరు సంగతి ఆమె మళ్ళీ ఎత్తలేదు, నేను అడగలేదు.

ఆటలన్నీ పూర్తయ్యాక పెద్దల ముందు చూపించే రోజు వచ్చింది. డబ్బు పెట్టేవాళ్ళు, వాళ్ళ కుటుంబాల ఆడవాళ్ళు హాలు నిండా ఉన్నారు. నేను వెనక గోడ దగ్గర నిలబడ్డాను. మర్యమ్ మేడం అరబీలో ఒక్కొక్క ఆటా చెబుతోంది. పద అనడానికి యల్లా, లేదు అనడానికి మాఫీ తప్ప నాకు అరబీ రాదు. చివరి గడి తెరిచింది. తెర నిండా ఆకాశం, అందులోకి లేస్తున్న రాయి. అంత అరబీ మధ్యలోంచి "కచ్చకాయలు" అన్న మాట స్పష్టంగా, ఒక్క అక్షరం తొట్రుపడకుండా వినపడింది.

ముందు వరసలో ఒక పెద్దావిడ చెయ్యెత్తి ఏదో గట్టిగా అడిగింది. మర్యమ్ మేడం చిన్నగా జవాబు చెప్పింది. హాలంతా గొల్లున నవ్వింది.

"ఏమంటున్నరు భాయ్?" అని ఫసీయుద్దీన్ చెవిలో అడిగాను.

"ఇది మన లగ్‌ఫా కదా, పేరెందుకు మార్చినవ్ అని ఆమె అడిగింది."

"మేడం ఏమన్నది?"

"'ఆడి ఓడిపోయిన' అన్నది."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గర్వంతో ఏడుపు వస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. పెద్దావిడ మళ్ళీ ఏదో అడిగింది. ఈసారి మర్యమ్ మేడం వెనక గోడ వైపు తిరిగి, హాలులో అందరికీ కనపడేలా చెయ్యి చాపి నన్ను చూపించింది.

"గెలిచిన పిల్ల ఏది అంటున్నది. యల్లా, నడువ్," అన్నాడు ఫసీయుద్దీన్.

నేను గోడ వదిలి, వరసల మధ్య నుంచి తలెత్తుకుని ముందుకు నడిచాను.